‘ఇంజ్యురీ’ అనే ఇంగ్లీషు మాటకు గాయం అనే అర్థం ఎలా స్థిరపడింది?

నమస్కారం. దెబ్బకూ గాయానికీ ఇంగ్లీషులో నిత్యం వాడే ‘ఇంజ్యురీ’ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘ఇనియూరియా’ అనీ, అందులో ‘ఇన్’ అంటే కానిది, ‘యూస్’ అంటే న్యాయం లేదా హక్కు కనుక దాని తొలి అర్థం అన్యాయమేననీ చదివాను. 1860 నాటి భారత శిక్షాస్మృతి 44వ సెక్షన్ సైతం శరీరానికే కాక మనసుకూ, పరువుకూ, ఆస్తికీ చట్టవిరుద్ధంగా కలిగించే ఏ హానినైనా ఇంజ్యురీ అనే నిర్వచించింది. అంటే చట్టం ఆ పాత అర్థాన్ని చాలావరకు నిలుపుకుందని నా అభిప్రాయం.

అయితే తడి గచ్చు మీద కాలు జారి మోకాలు చెక్కుకుపోయినప్పుడు, అందులో ఎవరి తప్పూ లేకపోయినా, ఇవాళ అదే మాట వాడుతున్నాం. అన్యాయం నుంచి ఒంటి గాయానికి ఈ అర్థం ఏ కాలంలో, ఎలాంటి వాడుకల మీదుగా మళ్లిందో, పాత ఫ్రెంచి, మధ్యయుగపు ఇంగ్లీషు ఉదాహరణలతో తెలిసినవారు దయచేసి వివరించగలరు.