ఆర్‌స్ట్రిప్ హెల్ప్ వివరణ ఎలా మార్చాలి?

ప్రశ్న: పైథాన్‌లో ఆర్‌స్ట్రిప్ అనేది ఒక మాట చివరినుంచి మనం ఇచ్చిన అక్షరాలను తీసేసే ఫంక్షన్. దాని గురించి హెల్ప్(ఎస్‌టీఆర్.ఆర్‌స్ట్రిప్) చూపించే రెండు వాక్యాలు చదివి, ఇచ్చిన మాట మొత్తం చివరినుంచి పోతుందని చాలామంది అనుకుంటారు. దీన్ని సరిచేయాలంటే ఏ ఫైల్ ముట్టుకోవాలి?

జవాబు 1: రెండు చోట్లు ఉన్నాయండి, అవి ఒకటి కాదు. వెబ్‌లో కనిపించేది డాక్/లైబ్రరీ/ఎస్‌టీడీటైప్స్.ఆర్‌ఎస్‌టీ. అందులో, ఇచ్చిన మాటను మొత్తంగా ఒక ప్రత్యయం (చివరి భాగం)గా చూడదనే హెచ్చరిక ఇప్పటికే ఉంది. హెల్ప్ వచ్చేది మాత్రం సీ సోర్స్‌లోంచి: ఆబ్జెక్ట్స్/యూనికోడ్‌ఆబ్జెక్ట్.సీ. అక్కడ ఆర్గ్యుమెంట్ క్లినిక్ (ఇలాంటి వివరణల నుంచి సీ కోడ్ తయారుచేసే పైథాన్ సాధనం) బ్లాక్‌లో మార్చి ‘మేక్ క్లినిక్’ నడపండి. దాంతో జెనరేట్ అయిన .హెచ్ ఫైల్‌ని చేత్తో దిద్దకండి, తర్వాతి రన్‌లో మీ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఫైల్‌ని కూడా కమిట్‌లో చేర్చాలి, లేకపోతే సీఐ (మార్పుల్ని ఆటోమేటిక్‌గా పరీక్షించే వ్యవస్థ) ఫెయిల్.

జవాబు 2: వాక్యాలు పెంచేకంటే తప్పు బయటపడే ఒక్క ఉదాహరణ పెట్టడం మేలు. ‘వానకాలం’.ఆర్‌స్ట్రిప్(‘కాలం’) ఇస్తే ‘వాన’ వస్తుంది. ఇది చూసి అంతా బాగుందనుకుంటాం! ‘ఎండాకాలం’ ఇచ్చి చూడండి, ‘ఎండ’ వస్తుంది. క, దీర్ఘం, ల, సున్న అనే నాలుగు గుర్తుల్లో ఏది తగిలినా తీసేస్తూ పోతుంది కాబట్టి ‘డా’ దీర్ఘం కూడా ఊడింది. పైథాన్ 3.9లో వచ్చిన, చివరి మాటను మొత్తంగానే తీసే రిమూవ్‌సఫిక్స్ అయితే ‘ఎండా’ ఇస్తుంది. ఉదాహరణ పక్కనే ఆ పేరూ రాయండి, చదివేవాళ్లు వెతుకుతున్నది అదే.

జవాబు 3: మొదటినుంచి తీసే ఎల్‌స్ట్రిప్, రెండువైపులా తీసే స్ట్రిప్‌లకూ ఇదే లోటు. మూడూ ఒకే పుల్ రిక్వెస్ట్ (మార్పు చేర్చమని పంపే అభ్యర్థన)లో పెట్టండి. ఆర్‌ఎస్‌టీ ఫైల్ ముట్టుకుంటే డాక్ ఫోల్డర్‌లో ‘మేక్ హెచ్‌టీఎంఎల్’ కొట్టి వార్నింగులు చూడండి.