పాత 100 సీసీ బండి తీసేస్తున్న, నా తిరుగుడుకు ఏది సరిపోతది?

గుర్రంపోడు రోడ్డు:

2014 మోడల్ 100 సీసీ బండి, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. మళ్లీ ఇంజన్ పని పెట్టుకునే బదులు వేరే బండి తీసుకుందామని ఉన్నది.

వాడకం ఇట్ల: గుర్రంపోడు దిక్కు నుంచి నల్లగొండకు పోను 32 కిలోమీటర్లు, రాను 32, నెలకు 25 రోజులు. 60-70 మీద పోత, అంతకు మించి తోలను. వారానికి రెండు మూడుసార్లు చెలక బాటలో 3 కిలోమీటర్లు, సీజన్‌లో యూరియా బస్తా. మా ఇంటామె వెనక కూర్చునేది నెలకు ఆరేడుసార్లు. ఏడాదికి రెండుసార్లు డిండి మీదుగా శ్రీశైలం. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 72 కిలోలు.

మనసులో ఉన్నవి: రైడర్ 125, యూనికార్న్, ఎక్స్‌పల్స్ 200 4వీ, క్లాసిక్ 350. షోరూమ్‌కు పోతే ఎవరి బండి వాళ్లకు బంగారమే. తోలే తీరును బట్టి చెప్పండి.

స్ప్రాకెట్ 14:

కొత్త బండ్ల ముచ్చట పక్కన పెట్టి, ముందు పాత బండి కింద కూర్చోండి. మనం ఎట్ల తోలుతమో మన నోటికంటే ఆ బండే సరిగ్గా చెప్తది.

సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్‌ను వేలితో మెల్లగా ఇటునుంచి అటు తిప్పండి. నడిమధ్యలో, అంటే నేరుగా పోయే చోట, టక్కుమని ఆగినట్టయితే కోన్ సెట్‌లో (హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో) గుంటలు పడ్డట్టు. గుంతలు చూసి కూడా స్పీడు తగ్గించని చేతికి అది గుర్తు. ఫోర్క్ పైపుల మీద నూనె జిడ్డుకు మట్టి అంటుకొని ఉంటే ఆయిల్ సీళ్లు పోయినయి, అదీ ఆ లెక్కలోనిదే. అట్లాంటి వాడకానికి ఇంజన్ పెద్దదవుడు కంటే సస్పెన్షన్ మంచిదవుడు ముఖ్యం.

తర్వాత సైలెన్సర్ అడుగు, ఇంజన్ అడుగు చూడండి. పొడుగ్గా గీతలు, సొట్టలు ఉంటే గ్రౌండ్ క్లియరెన్స్ చాలట్లేదు. 100 సీసీ బండ్లలో అది 165 ఎంఎం చుట్టుపక్కల ఉంటది. గీతలు లేవంటే 220 ఎంఎం బండికి డబ్బులు పెట్టే పని లేదు.

ఇక సర్వీసు బిల్లులు. క్లచ్ ప్లేట్లు 25-30 వేల కిలోమీటర్లకే మార్చి ఉంటే హాఫ్ క్లచ్ (క్లచ్ సగం పట్టే తోలుడు) అలవాటన్నా ఉండాలె, చిన్న ఇంజన్ మీద బరువన్నా ఎక్కువ పడి ఉండాలె. తక్కువ ఆర్‌పీఎంలోనే లాగే ఇంజన్ అప్పుడు పనికొస్తది. వెనక బ్రేక్ షూ మాటిమాటికి పోతుందంటే కాలు పెడల్ మీదే ఉంటున్నది, ఏ బండి కొన్నా అది మారదు. వెనక టైరు నడుమ మాత్రమే చదునుగా అరిగితే తిన్నటి రోడ్డు వాడకం లేదా గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ పెట్టి బరువు మోసినట్టు. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పండ్ల చక్రం) పండ్లు ఒక దిక్కుకు కొక్కెంలా వంగినయా చూడండి. చైన్ సెట్ 12 వేలకే అట్లయిందంటే చెలక దుమ్ము తింటున్నది. చైన్ మొత్తం కవర్‌లో ఉండే బండి మీకు మేలు.

ఇవన్నీ చూసి రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

లీటర్ లెక్క:

ఆయన చూసి వచ్చేలోపు పెట్రోల్ సంగతి. రోజుకు 64, నెలకు 1,600 కిలోమీటర్లు. మీ వేగానికి 125 సీసీ లీటరుకు 60, యూనికార్న్ లాంటి 160 సీసీ 48, 350 సీసీ 35 ఇచ్చాయనుకోండి. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు వరుసగా 2,850, 3,570, 4,900 దగ్గర పడతది. 125కు, యూనికార్న్‌కు తేడా ఏడు వందలే. క్లాసిక్‌కు పోతే రెండు వేలు దాటుతది. ఏడాదికి పాతిక వేలు, అదీ ఎక్కువగా ఆఫీసుకు పోవడానికే.

పవర్ గురించి భ్రమ వద్దు. 60 నుంచి 80కి పోతే గాలిని చీల్చడానికి కావల్సిన పవర్ రెండింతలు దాటుతది. పెద్ద ఇంజన్ అక్కరకొచ్చేది అక్కడ. 65 మీద పోయే మనిషికి రైడర్ 11 హెచ్‌పీ చాలు. కాకపోతే వెనక మనిషితో లారీని దాటేటప్పుడు 125ను ఒక గేరు దించాల్సి వస్తది. యూనికార్న్ టార్క్ (లాగే బలం) 14.6 ఎన్ఎం, రైడర్ 11.2. ఆ తేడా తెలిసేది అప్పుడే.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అంతకు పైవాటికి 40. మీ నాలుగూ 18లోనే ఉన్నయి. కాబట్టి పన్ను చూసి ఏదీ తీసెయ్యక్కర్లేదు.

మన్ననూరు గేటు:

క్లాసిక్ 195 కిలోలు. తిన్నటి రోడ్డు మీద ఆ బరువు హాయి, వాన పడ్డ చెలక బాటలో అదే పగ. నల్లరేగడి మడ్‌గార్డు లోపల పట్టుకొని చక్రం బిగిసిందంటే, ఒంటరిగా వెనక్కి లాగాల్సింది మీరే. మీ బరువు 72 అన్నరు, ఆలోచించండి.

ఎక్స్‌పల్స్‌ను మాత్రం ఊరికే కొట్టేయకండి. ముందు 21 అంగుళాల చక్రం గుంతలో పడదు, దాటిపోతది. ఇబ్బంది సీటు ఎత్తు, 825 ఎంఎం. షోరూమ్‌లో ఎక్కి కూర్చుంటే తెల్వదు, అక్కడ నేల సమంగా ఉంటది. చెప్పులు కాదు, రోజూ వేసుకునే బూట్లతో పోండి. బండిని రోడ్డు వాలుగా ఉన్న చోట ఆపి, పల్లం దిక్కు కాలు దించి చూడండి. మునివేళ్లు కూడా అందకపోతే వెనక మనిషి దిగేటప్పుడే బండి పడతది. సీటు వెడల్పు కూడా లెక్కే. ఎత్తు ఒకటే అయినా వెడల్పు సీటు కాళ్లను దూరం చేస్తది. ఇంకోటి, దానివి స్పోకు చక్రాలు, ట్యూబ్ టైర్లు. మీ దిక్కు పంక్చర్ షాపుకు అది సమస్య కాదు గాని మన్ననూరు దాటినంక అడవిలో మేకు దిగితే చక్రం విప్పాల్సిందే. అల్లాయ్, ట్యూబ్‌లెస్ అయితే స్ట్రిప్ కిట్, చిన్న పంపు చాలు.

శ్రీశైలం పోయేటోళ్లకు చెప్పేది: మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేటు మూస్తరు, దానికి తగ్గట్టు బయలుదేరండి. ఈగలపెంట నుంచి డ్యామ్ దిక్కు దిగేటప్పుడు మూడో గేరులో ఉంచి ఇంజన్ బ్రేకు మీద దిగండి. వెనక డ్రమ్ బ్రేకును అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు పోతది.

బస్తా లోడు:

బస్తాకు సీటు ఎట్ల ఉండాల్నో ఎవరూ అనలేదు. యూరియా బస్తా 45 కిలోలు. రైడర్‌లో సీటు రెండు ముక్కలుగా ఉన్న మోడల్ తీసుకుంటే బస్తా వెనక చిన్న సీటు మీదికి పోతది, అంటే వెనక ఇరుసు మీదికి. ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతది. యూనికార్న్ సీటు పొడుగ్గా ఒకటే, బస్తా మీ నడుముకు ఆనించి కట్టొచ్చు. రైడరే కావాలంటే సింగిల్ సీటు మోడల్ చూడండి. ట్యాంక్ మీద బస్తా మాత్రం పెట్టొద్దు, హ్యాండిల్ పూర్తిగా తిరగదు.

కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు కదా. యూనికార్న్‌లో ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రం బిగుసుకోకుండ చూసేది) ముందు చక్రానికే. వెనక డ్రమ్ వడ్ల మీద బిగుసుకొని జారుతది. వడ్లు కనపడంగనే బ్రేకు పని ముందే ముగించి, బండి వంచకుండ పోవాలె. రైడర్‌లో కొన్ని మోడళ్లకు ఏబీఎస్సే లేదు, కాంబీ బ్రేకే (ఒకటి తొక్కితే రెండు చక్రాలకూ పడేది).

గుర్రంపోడు రోడ్డు:

చూసిన. కోన్ సెట్ నడుమల టక్కుమంటున్నది. ముందు ఫోర్కు ఒక దిక్కు నూనె కారుతున్నది. సైలెన్సర్ కింద రెండు చిన్న గీతలు, సొట్ట లేదు. బిల్లుల ప్రకారం క్లచ్ ప్లేట్లు రెండుసార్లే, 48 వేలకు ఒకసారి, లక్షకు ఒకసారి. చైన్ సెట్లు 20 వేలకు ఒకటి చొప్పున. వెనక టైరు నడుమ అరిగింది.

స్ప్రాకెట్ 14:

అయితే క్లచ్ చెయ్యి మంచిది, బరువు సమస్య లేదు, చెలక బాట కూడా అంత ఎగుడుదిగుడు కాదు. దెబ్బలన్నీ నల్లగొండ రోడ్డు గుంతల్లో, 60 మీద తగిలినయి. అంటే ఎక్స్‌పల్స్ అంత ఎత్తు అక్కర్లేదు, 350 అంత లాగుడు అక్కర్లేదు. నా ఓటు యూనికార్న్‌కు: సీటు 798 ఎంఎం, గ్రౌండ్ క్లియరెన్స్ 187, బరువు 139 కిలోలు, వెనక మోనోషాక్ (ఒకటే షాక్ అబ్జార్బర్), ట్యాంక్ 13 లీటర్లు. బడ్జెట్ బిగిసితే సింగిల్ సీటు రైడర్, తప్పు లేదు.

సంతకం పెట్టే ముందు టెస్ట్ రైడ్ ఇట్ల చేయండి. వెనక మీ ఇంటామెనే కూర్చోబెట్టండి, సేల్స్ పిల్లగాణ్ని కాదు. టాప్ గేరులో 40కి దించి క్లచ్ పట్టకుండ మెల్లగా రేజ్ ఇవ్వండి. ఇంజన్ కొట్టుకోకుండ 60కి ఎక్కాలె. 65 మీద ఐదు నిమిషాలు పట్టి ఉంచి, చేతులకు, కాలిపీటకు వణుకు వస్తున్నదా చూడండి. మీరు రోజూ గంట దాకా ఉండేది ఆ వేగం మీదనే. తర్వాత తెలిసిన స్పీడ్ బ్రేకర్ మీద 20తో పోండి, వెనకాల కూర్చున్నామె ఏమన్నదో అదే సస్పెన్షన్ రిపోర్టు.

ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తగ్గిస్తే పికప్ పెరుగుతదని ఎవరన్నా చెప్తే వినకండి. 14 నుంచి 13కు దింపితే లాగుడు దాదాపు 8 శాతం పెరుగుతది నిజమే, కానీ 65 మీద ఇంజన్ కూడా అంతే ఎక్కువ తిరుగుతది. మీ 64 కిలోమీటర్లకు అది నష్టం.

పాత బండి అమ్మితే 29, 30 ఫారాల మీద సంతకాలతోనే వదిలేయకుండ ఆర్సీ ఎదుటివాళ్ల పేరు మీదికి మారిందో లేదో చూసుకోండి. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. కంపెనీ దగ్గర లెటర్ తీసుకొని కొత్త పాలసీలో వాడుకోండి.