పరమ శూన్యానికి దిగువన ఉష్ణోగ్రత ఉందనడం సబబేనా?

రేవతి: మ్యూనిక్ శాస్త్రవేత్తలు పొటాషియం పరమాణువులను రుణ కెల్విన్ ఉష్ణోగ్రతకు చేర్చినట్లు 2013 జనవరిలో ప్రకటించారు. పరమ శూన్యానికి, అంటే సున్నా కెల్విన్ లేదా మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్‌కు, దిగువన ఏదీ లేదని చదువుకున్న నా విద్యార్థులు ఇదెలా సాధ్యమని అడుగుతున్నారు. సభ్యులు వివరించగలరు.

శేషు మాస్టారు: సాధ్యం కాదమ్మా. ఉష్ణోగ్రత అంటే కణాల సగటు గతిజ శక్తికి కొలత. గతిజ శక్తి సున్నా కంటే తగ్గదు. పైగా నెర్న్‌స్ట్ సూత్రం ప్రకారం పరిమితమైన దశల్లో పరమ శూన్యాన్ని చేరుకోవడమే కుదరదు. చేరలేని గీతను దాటామనడం ఏ విధంగా న్యాయం?

స్ఫటిక: మాస్టారూ, ఆ గీతను ఎవరూ దాటలేదు. వ్యవస్థకు కొంత శక్తి ఇచ్చినప్పుడు దాని ఎంట్రోపీ (అది ఉండగల సూక్ష్మ స్థితుల సంఖ్యకు కొలత) ఎంత మారుతుందన్న దాన్నిబట్టి ఉష్ణోగ్రతను నిర్వచిస్తాం. శక్తికి పై హద్దు ఉండి, రెండే స్థాయిలున్న వ్యవస్థలో సగానికి మించి కణాలు పై స్థాయికి చేరాక, ఇంకా శక్తి ఇస్తే ఎంట్రోపీ తగ్గుతుంది, ఉష్ణోగ్రత రుణాత్మకమవుతుంది. అది సున్నా మీదుగా కాక అనంతం మీదుగా చేరే స్థితి. దానికి ఏ మామూలు వస్తువును తాకించినా ఉష్ణం ఆ వస్తువులోకే ప్రవహిస్తుంది కనుక అది చల్లనిది కాదు, అన్నిటికన్నా వేడిది. 1951లో భౌతిక శాస్త్రవేత్తలు పర్సెల్, పౌండ్ లిథియం ఫ్లోరైడ్ స్ఫటికం మీద అయస్కాంత క్షేత్రాన్ని హఠాత్తుగా తిప్పి, కేంద్రక స్పిన్‌లలో, అంటే చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తించే పరమాణు కేంద్రకాలలో, ఈ స్థితిని చూపారు.

శేషు మాస్టారు: ఆ స్ఫటికం గది ఉష్ణోగ్రతలోనే ఉందా, లేదా? అంతవరకు చెప్పండి.

స్ఫటిక: స్ఫటిక జాలకం, అంటే పరమాణువుల క్రమబద్ధ అమరిక, గది ఉష్ణోగ్రతలోనే ఉంది. స్పిన్‌లు మాత్రం తమలో తాము అతి త్వరగా సమతాస్థితికి వస్తాయి, జాలకంతో కలవడానికి నిమిషాలు తీసుకుంటాయి. ఆ నిమిషాలపాటు వాటికి సొంత ఉష్ణోగ్రత ఉంటుంది.

శేషు మాస్టారు: అయితే గది ఉష్ణోగ్రతలో ఉన్న వస్తువుకు రుణ ఉష్ణోగ్రత అంటగట్టారన్నమాట.

కిరణ్: లేజర్‌లోనూ పై స్థాయిలోనే ఎక్కువ పరమాణువులు ఉంటాయి కదండీ.

శేషు మాస్టారు: నా దగ్గర చదివిన ఒక అమ్మాయి మౌఖిక పరీక్షలో గతిజ శక్తి నిర్వచనమే చెప్పింది. పరీక్షకుడు నలుగురి ముందు ఆమెను చులకన చేసి పంపించాడు. దశాబ్దాలుగా తరగతిలో చెబుతున్నది తప్పయితే, ఆ తప్పుకు ఆ పిల్ల ఎందుకు శిక్ష అనుభవించాలి?

స్ఫటిక: ఆ అమ్మాయికి జరిగింది అన్యాయం, అందులో నాకు సందేహం లేదు. అయితే దానివల్ల నిర్వచనం నిలబడదు. పరమ శూన్యానికి ఎంత దగ్గరగా తీసుకెళ్లినా హీలియం సాధారణ పీడనం వద్ద గడ్డకట్టదు. ఘనరూపం రావాలంటే దాదాపు 25 వాతావరణ పీడనాలు కావాలి. అక్కడ కూడా పరమాణువులకు గతిజ శక్తి మిగిలి ఉండటమే కారణం. ఆ కదలికను మీ నిర్వచనంలో ఎక్కడ పెడతారు? ప్రతిసారీ నా ప్రశ్నను వదిలేసి స్ఫటికం దగ్గరికే వస్తున్నారు.

శేషు మాస్టారు: గొంతు పెంచితే భౌతికశాస్త్రం మారదు.

హిమజ: ఇద్దరూ ఆగండి. డంకెల్, హిల్బర్ట్ అనే శాస్త్రవేత్తలు 2014లో నేచర్ ఫిజిక్స్ పత్రికలో రుణ ఉష్ణోగ్రతలు అసంగతమని వాదించారు, అదీ గతిజ శక్తి ఆధారంగా కాదు. ఇచ్చిన శక్తి వద్ద ఉన్న స్థితులను లెక్కించేది బోల్ట్‌స్‌మన్ ఎంట్రోపీ. ఆ శక్తి వరకూ ఉన్న స్థితులన్నిటినీ లెక్కించేది గిబ్స్ ఎంట్రోపీ. శక్తి పెరిగేకొద్దీ రెండోది తగ్గే ప్రసక్తి లేదు కనుక అందులో రుణ ఉష్ణోగ్రత రాదు. అసలు వివాదం ఇక్కడుంది.

స్ఫటిక: ఉంది, నేను బోల్ట్‌స్‌మన్ పక్షమే. గిబ్స్ ఉష్ణోగ్రత సమానంగా ఉన్న రెండు వస్తువులను కలిపినా వాటి మధ్య ఉష్ణం ప్రవహించవచ్చు. ప్రవాహ దిశను చెప్పలేని రాశిని ఉష్ణోగ్రత అని నేను అనలేను.

శేషు మాస్టారు: నేను అడిగేది వేరు. పదో తరగతి పిల్లవాడు థర్మామీటరుతో కొలిచే రాశికీ, మీరు స్థితులను లెక్కించి రాబట్టే రాశికీ ఒకే పేరు పెట్టే ముందు, ఆ రెండూ ఒకటేనని అతనికి చూపించాలి. మీరు ఆ మెట్టును దాటేస్తున్నారు.

స్ఫటిక: చూపించాలన్నది ఒప్పుకుంటాను. ఆ మెట్టు ఉష్ణ ప్రవాహమే అంటాను. మ్యూనిక్‌లో తీసుకున్నది స్పిన్‌లను కాదు, లేజర్ కాంతితో ఏర్పరచిన జాలకంలో పరమాణువుల చలనాన్నే. అక్కడ గతిజ శక్తికే పై హద్దు ఉంది. మీ నిర్వచనంతో దానికి ఏ ఉష్ణోగ్రత ఇస్తారు?

శేషు మాస్టారు: ఆ అమరికను చదివి రేపు సమాధానం రాస్తాను. రేవతి గారూ, అంతవరకు పిల్లల నోట్సులో గతిజ శక్తి నిర్వచనాన్ని కొట్టివేయకండి.

రేవతి: కొట్టివేయను మాస్టారూ. అది ఆదర్శ వాయువుకు వర్తిస్తుందని పక్కన రాయిస్తాను.