చెట్టు తల కొట్టేయమంటే ఏం చెబుతారు?

ప్రశ్న: సొంతంగా చెట్ల పని చేస్తాను. గాలికి పడుతుందన్న భయంతో చాలామంది పైభాగమంతా కొట్టేయమంటారు. కాదంటే పని ఇంకొకరికి పోతుంది. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: ఇదివరకు తల కొట్టిన చెట్టును చూపిస్తాను. అక్కడ గుబురుగా వచ్చిన కొమ్మలకు పట్టు తక్కువ, లావయ్యాక అవే ముందు విరుగుతాయి. కోసిన చోట పుచ్చు కూడా పడుతుంది. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి తీసి పలచన చేస్తే చాలంటాను. కళ్లారా చూశాక చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ పని వదిలేస్తాను, చెట్టును పాడుచేయలేను.

మరో జవాబు: నిజం. బరువు కొమ్మకు ముందు కిందనుంచి గాటు పెట్టండి, లేదంటే బెరడు చీలిపోతుంది. కొమ్మ మానుకు అతికే చోట ఉండే ఉబ్బును కోయకండి, గాయం మానేది అక్కడినుంచే.

ప్రశ్న అడిగినవారు: మంచిది. రేపటి చెట్టు కరెంటు తీగల పక్కనే ఉంది, సరఫరా ఆపేదాకా ఎక్కను.