డెంగీతో సెలవు పెడితే క్రమశిక్షణ తప్పానని రాసివ్వాలా?

అన్నలూ, అక్కలూ, కాస్త సలహా చెప్పండి. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ సెకండియర్ చదువుతున్నా, జేఎన్టీయూకే (కాకినాడ జేఎన్టీయూ) అఫిలియేషన్. ఈ సెమ్‌లో డెంగీ వచ్చి పద్దెనిమిది రోజులు మంచం దిగలేదు. అటెండెన్స్ 68 శాతం దగ్గర ఆగింది. 75 ఉండాలి, 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ మీద కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) ఇస్తారు, ఫీజు కట్టాలి. ఇంతవరకు తెలుసు, కట్టడానికీ సిద్ధమే.

అసలు చిక్కు దానికోసం సంతకం పెట్టమంటున్న అండర్‌టేకింగ్ (హామీ) కాగితంతో. అందులో "క్రమశిక్షణ తప్పినందుకు చింతిస్తున్నాను, మళ్ళీ జరిగితే ఏ చర్యకైనా కట్టుబడి ఉంటాను" అని ముందే టైపు చేసి ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోవడం క్రమశిక్షణ తప్పడం ఎలా అవుతుందండీ? ఆ లైను కొట్టేసి సంతకం పెడతానంటే హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారు కాగితం లాగేసుకున్నారు. పైగా నాన్న కూడా వచ్చి సంతకం పెట్టాలట. ఆయన మిర్చి యార్డులో గుమాస్తా, సీజన్‌లో అన్నానికే ఇంటికి రాలేరు.

ఇలా సంతకం పెట్టినవాళ్ళెవరైనా ఉన్నారా? తర్వాత కాండక్ట్ సర్టిఫికెట్‌లో ఏమైనా రాశారా? "అనారోగ్యం వల్ల" అని విడిగా లెటర్ రాసి జతచేస్తే తీసుకుంటారా? నాన్న బదులు అమ్మ వస్తే చాలా? సోమవారమే ఆఖరు తేదీ.