నిజం బయట ఉందా, పాతరలో ఉందా?

మొన్న ఆదివారం గజపతినగరం దగ్గర మా ఊళ్ళో, మామ్మ పక్కన కూర్చుని ‘ది ఎక్స్-ఫైల్స్’ సినిమా చూశాను. 1993లో మొదలైన టీవీ సీరియల్ అది, గ్రహాంతరవాసుల గుట్టు వెతికే ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్ల కథ. అయిదో సీజన్‌కీ ఆరో సీజన్‌కీ మధ్య, 1998 జూన్‌లో, అదే జంటతో సినిమాగా తెచ్చారు. మామ్మకి ఇంగ్లీషు రాదు. నేను పక్కనుంచి చెబుతూ వచ్చాను. కథ చెప్పడానికి ఇబ్బంది లేదు గానీ, సీరియల్‌లో పేర్లు పడ్డాక చివర్లో తెర మీద నిలిచే ఆ వాక్యం ఉంది చూడండి, ‘ద ట్రూత్ ఈజ్ అవుట్ దేర్’, అక్కడ చిక్కుకుపోయాను.

‘నిజం బయట ఉంది’ అన్నాను. మామ్మ వెంటనే, “బయట పడిపోతే ఇంకేటి? కత అయిపోయినట్టే కదా” అంది.

అప్పట్నుంచీ అదే ఆలోచన. మన భాషలో నిజం బయటపడుతుంది, బయటికొస్తుంది, బయటపెడతాం, వెలికి తీస్తాం, చివరికి కక్కిస్తాం కూడా. అంటే అది ముందు లోపల ఉండాలి. బయట ఉన్న నిజం అందరికీ తెలిసిపోయిన నిజం. ఇంగ్లీషు వాక్యంలో నిజం దూరాన ఎక్కడో ఉంది, మనిషే గుమ్మం దాటి పోవాలి. తెలుగులో మూత తీయాలి. మాటకి మాట పెడితే దిక్కే తిరగబడుతోంది.

‘నిజం ఎక్కడో ఉంది’ అనొచ్చు. కానీ ఆ ‘ఓ’ నాకు తెలియదన్న సందేహాన్ని ముందు పెడుతుంది. అసలు వాక్యంలో ఉన్నది సందేహం కాదు, నమ్మకం. అందుకని ‘నిజం ఎక్కడో ఉండనే ఉంది’ అని రాసుకున్నాను. మీకేమనిపిస్తుంది?

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు:
‘ఉండనే ఉంది’ వద్దమ్మా. “ఊళ్ళో డాక్టరు ఉండనే ఉన్నాడు, విశాఖ దాకా ఎందుకు?” అంటాం. ఆ ‘నే’ వచ్చిందంటే ఇక వెతకక్కర్లేదని అర్థం. మీ వాక్యం వెతకమని చెప్పాలి కదా. మన విజయనగరంలోనే మంచి క్రియ ఉంది. హేలీ తోకచుక్క వచ్చిన 1910లో గురజాడ ‘ముత్యాల సరములు’లో “వారి విద్యల కరచి సత్యము నరసితిన్” అన్నారు. పిల్లలు దాన్ని ‘నరసితిన్’ అని చదివి కంగారు పడతారు. అది ‘సత్యమున్ + అరసితిన్’. అరయడం అంటే వెతకడం, విచారించడం, తెలుసుకోవడం, మూడూ. కంటికి కనబడని వస్తుతత్వం గురించి మాట్లాడుతూ వాడిన క్రియ అది. మీ సినిమాకి ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు.

నరసన్నపేట నుంచి ఒక తమ్ముడు:
అక్కా, ఆ సీరియల్ వాళ్ళే ఆ వాక్యాన్ని వేరే భాషలో వేశారు. 1995లో వచ్చిన రెండో సీజన్ చివరి భాగంలో అది నవాహో అనే అమెరికా ఆదివాసుల భాషలో కనిపిస్తుంది. ఆ కథలో రహస్య పత్రాలు కూడా నవాహోలోనే ఉంటాయి. కాబట్టి తెలుగులో ఎలా ఉండాలని అడగడం చాదస్తం కాదు, అడగాల్సిందే.

నా జవాబు:
మాస్టారూ, ‘నే’ సంగతి ఒప్పుకుంటున్నాను, ఆ వాక్యం కొట్టేశాను. ‘అరయు’ ఎంత బాగుందో! కానీ అది మనిషి చేసే పని చెబుతుంది, నిజం ఉన్న చోటు చెప్పదు. పైగా మామ్మకి మళ్ళీ దాని అర్థం చెప్పాలి.

చోటు సంగతి మామ్మే తేల్చింది. సినిమాలో మొదట క్రీస్తుపూర్వం 35,000 నాటి గుహ. తర్వాత ఈ కాలంలో టెక్సస్‌లో ఒక కుర్రాడు అక్కడే గోతిలోకి జారిపడతాడు. నల్లటి నూనెలాంటిది వాడి చర్మం కిందకి పాకుతుంది. అది చూసి మామ్మ, “పాతర మూత తీసినెంటనే ఎవులైనా దిగుతారేటి? గాలి తగలనియ్యాల, దీపం దించి సూడాల” అని ఆ కుర్రాడి మీద కేకలేసింది. తన చిన్నతనంలో పాతర్లు, అంటే నేలలో ధాన్యం దాచే గోతులు, తీయడం చూసిన మనిషి. లోపల ఊపిరాడదని తెలుసు. చివర్లో అంటార్కిటికా మంచు కింద అంతరిక్ష నౌక కనబడేసరికి, “ఇదీ పాతరేసినారన్నమాట” అంది.

సినిమా అంతా చూడండి, నిజం ఆకాశంలో లేదు. నేల కిందో, మంచు కిందో ఉంది. ఇంగ్లీషు వాక్యం పైకి చూపిస్తుంటే కథ కిందకి దిగుతోంది. ‘పాతర’లో దాచుకోవడమూ ఉంది, ‘పాతరేయడం’లో కనబడకుండా చేయడమూ ఉంది. గింజలు పాడవకుండా పాతరేస్తాం, గుట్టు తెలియకుండా పాతరేస్తారు. రెండిట్లోనూ లోపలున్నది ఇంకా ఉందనే అర్థం. నేను వెతికిన నమ్మకం ఆ నామవాచకంలోనే ఉంది, ‘ఓ’లూ ‘నే’లూ అక్కర్లేదు.

‘నిజం ఇంకా పాతరలోనే ఉంది.’

ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను. ‘ఇంకా’ ఉండాలా, తీసేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఉంటే తవ్వేవాళ్ళ మీద కాస్త నింద పడుతోంది, తీసేస్తే తొందర పోతోంది. మాస్టారూ, మీరు చదివి చెప్పండి. అలాగే పాలకొండ, పాతపట్నం వైపు పెద్దవాళ్ళు ‘పాతరేసినారు’ అన్నప్పుడు గింజల గురించే అంటారా, గుట్టు గురించి కూడా అంటారా? మా మామ్మ రెండూ అంటుంది.