కంప్యూటర్ చార్టింగ్: పేషెంట్‌కి మేలు జరిగిందా, నర్సుకి పని పెరిగిందా?

రాత్రిడ్యూటీ:
పేపర్ కేస్ షీట్లు పోయి మొత్తం కంప్యూటర్‌లోకి మారిన వార్డుల్లో పనిచేసేవాళ్ళని అడుగుతున్నాను. పేషెంట్ పక్కన ఉండే టైమ్ పెరిగిందా, తగ్గిందా? మా దగ్గర కొత్తగా పెట్టబోతున్నారు. ట్రైనింగ్ ఇచ్చినాయన "రాతపని సగానికి సగం తగ్గుతుంది" అని చెప్పాడు. మా సీనియర్లు విని నవ్వారు.

సుగుణ సిస్టర్:
ఊరికే నవ్వి ఉండరమ్మా. రాతపని తగ్గలేదు, చోటు మారిందంతే. ఇదివరకు టెంపరేచర్, పల్స్, ఊపిరి రాసే టీపీఆర్ చార్ట్ మంచం కాళ్ళవైపు వేలాడేది. టెంపరేచర్ చూసి, అక్కడే చుక్క పెట్టి, గీత కలిపి పక్క మంచానికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు కంప్యూటర్ బండి తోసుకెళ్ళాలి, లాగిన్ అవ్వాలి, పేషెంట్ పేరు వెతకాలి, వైటల్స్ (పల్స్, బీపీ లాంటివి) పేజీ తెరవాలి, సేవ్ కొట్టాలి. మధ్యలో పక్క మంచం వాళ్ళు పిలిస్తే వెళ్ళొచ్చేసరికి లాగౌట్ అయి కూర్చుంటుంది.

ఇక అడ్మిషన్ అసెస్‌మెంట్ సంగతి చెప్పక్కర్లేదు. పడిపోయే రిస్క్ ఎంత, ఒత్తిడి పుండ్లు పడే రిస్క్ ఎంత, నొప్పి పదికి ఎంత. ఊపిరాడక రొప్పుతున్న మనిషిని పట్టుకుని "పొగ తాగుతారా, ఏ వయసులో మొదలుపెట్టారు" అని అడగాలి. ఎర్ర చుక్క ఉన్న గడి ఖాళీగా వదిలితే పేజీ ముందుకి కదలదు మరి.

ఐసీయూ వాసు:
ఊపిరాడని మనిషికి కూడా "అడిగాను, లేదన్నారు" అని టిక్ పెట్టి ముందుకెళ్ళేది అందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు, అంతే.

కీబోర్డు కృష్ణ:
ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి తిట్లు నాకు అలవాటే. కానీ నొక్కే బటన్లు లెక్కపెట్టి పేషెంట్‌కి మేలు జరగలేదంటే ఒప్పుకోను. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో బార్‌కోడ్ (మందునీ, పేషెంట్ చేతి పట్టీనీ స్కాన్ చేసి సరిచూసే పద్ధతి) పెట్టకముందు, పెట్టాక నర్సుల వెంట ఉండి చూశారు. 2010లో అచ్చయింది. మందు ముందో ఆలస్యంగానో ఇచ్చిన టైమింగ్ తప్పులు పక్కనపెడితే, మందు ఇవ్వడంలో పొరపాట్లు 11.5 శాతం నుంచి 6.8 శాతానికి దిగాయి. డాక్టర్ ఆర్డర్‌ని డ్రగ్ చార్ట్‌లోకి ఎక్కించేటప్పుడు దొర్లే తప్పులు 6.1 శాతం ఉండేవి, సున్నా అయ్యాయి. ఇంతకంటే ఏం కావాలి సిస్టర్?

ఇంకో సంగతి. మందులకి బార్‌కోడ్ అన్న ఆలోచన మా సాఫ్ట్‌వేర్ వాళ్ళది కాదు. 1990ల మొదట్లో కాన్సస్‌లోని టొపీకా వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేసే స్యూ కినిక్ అనే నర్సుది. అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళు స్కానర్‌తో టకటకా పని ముగించడం చూసి, ఇదే మందులకి ఎందుకు వాడకూడదు అనుకుందట.

ఐసీయూ వాసు:
ఆ స్కానర్ ఛార్జింగ్ ఎప్పుడూ ఫుల్‌గా ఉండేదేమో లెండి.

సుగుణ సిస్టర్:
కృష్ణ గారూ, మీరు 2010 చెప్పారు, నేను 2008 చెబుతాను. అమెరికాలోనే అయిదు ఆసుపత్రుల్లో బార్‌కోడ్ వాడకం చూసి, నర్సులు దాన్ని పక్కదారిలో దాటే పద్ధతులు 15 రకాలున్నాయనీ, వాటికి 31 కారణాలున్నాయనీ రాశారు. మందుల్లో 10.3 శాతానికి అలర్ట్‌ని దాటేసి ఇచ్చారట. కారణాలు చదివితే మా వార్డులో కూర్చుని రాశారా అనిపించింది. రిస్ట్ బ్యాండ్ తడిసి చదవడం లేదు, పేషెంట్ ఐసోలేషన్‌లో ఉన్నాడు, బండి తలుపులో పట్టదు, బ్యాటరీ అయిపోయింది. దాంతో ఏం చేస్తారు? రిస్ట్ బ్యాండ్ స్టిక్కర్ ఇంకొకటి ప్రింట్ తీసి బండికి అంటించుకుని దాన్నే స్కాన్ చేస్తారు. కంప్యూటర్ మాత్రం "సరైన పేషెంట్" అని పచ్చ లైటు చూపిస్తుంది.

ఇంకొకటి కూడా 2008దే. 36 ఆసుపత్రుల్లో నర్సుల షిఫ్ట్ ఎలా గడుస్తుందో చూశారు. రికార్డు రాయడానికి 35.3 శాతం, పేషెంట్ కేర్‌కి 19.3 శాతం పోతోంది. చూసుకోండి.

కీబోర్డు కృష్ణ:
చూశాను. ఆ స్టడీ టైమ్ దేనికి పోతోందో చెప్పింది. కంప్యూటర్ వల్ల పెరిగిందని చెప్పలేదు. మొదటిదాంట్లో కూడా తప్పు స్కానర్‌ది కాదు, బ్యాటరీ మార్చనివాళ్ళది.

మూడో మంచం:
నేను నర్సుని కాదు, పేషెంట్ తరఫు మనిషిని. చాలాకాలంగా మా నాన్నగారి పక్కన స్టూలు మీదే కూర్చుని ఇవన్నీ చూస్తున్నాను. పేపర్ రోజులు బాగున్నాయంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్సులిన్ 4 యూనిట్లు రాయడానికి డాక్టర్ 4 పక్కన ఇంగ్లీషు యూ అక్షరం పెట్టాడు. ఆ అక్షరం పైన మూసుకుపోయి సున్నాలా ఉంది. 40 ఇచ్చారు. తెల్లవారుజామున నాన్న దుప్పటి తడిసిపోయేలా చెమటలు పట్టి, నేనెవరో గుర్తుపట్టకుండా మాట్లాడుతుంటే డ్యూటీలో ఉన్నావిడ "కలవరిస్తున్నారు, పడుకోనివ్వండి" అంది. గొడవ చేస్తే అప్పుడు షుగర్ చూశారు. కంప్యూటర్‌లో అయితే 40 అన్న అంకె దగ్గరే ఆగి అడిగేది కదా?

ఫార్మసీ లత:
అడిగేది. యూ అక్షరం గొడవే ఉండేది కాదు, యూనిట్లు అని పూర్తిగా పడుతుంది. కానీ దాంతోపాటు పారాసెటమాల్ దగ్గర కూడా అడుగుతుంది, పొటాషియం దగ్గరా అడుగుతుంది, అన్నిటికీ అదే పసుపు పెట్టె. రోజంతా ఓకే ఓకే అని కొట్టే వేలు 40 దగ్గర ఆగుతుందని నేను గ్యారంటీ ఇవ్వలేను.

రాత్రిడ్యూటీ:
ప్రాణాల మీదకి వచ్చిన సందర్భాలేమైనా ఉన్నాయా? సిస్టమ్ వల్లే?

ఫార్మసీ లత:
పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి సంగతి అందరూ చెబుతారు. వేరే ఆసుపత్రుల నుంచి తరలించి తెచ్చిన పిల్లల్లో మరణాలు, ఆర్డర్లు కంప్యూటర్‌లో పెట్టడం మొదలయ్యాక 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని 2005లో రాశారు. అంతకుముందు బిడ్డ దారిలో ఉండగానే ఆర్డర్లు రాసి, మందులు రెడీగా పెట్టేవాళ్ళు. సిస్టమ్ వచ్చాక బిడ్డ వచ్చి రిజిస్టర్ అయ్యేదాకా ఆర్డరే పెట్టనివ్వలేదు. మందులు కూడా సెంట్రల్ ఫార్మసీకి మార్చారు. చెయ్యి పట్టుకోవాల్సిన మనిషి కంప్యూటర్ దగ్గర నిలబడింది.

అయితే అదే సిస్టమ్ పెట్టిన సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో మరణాలు పెరగలేదని మరుసటి ఏడాదే వచ్చింది. వాళ్ళు ఆర్డర్ సెట్లు, అంటే కలిపి వాడే ఆర్డర్ల జాబితాలు, ముందే తయారుచేసుకుని మొదలుపెట్టారు.

కీబోర్డు కృష్ణ:
థాంక్స్ లత గారూ. సిస్టమ్ ఒకటే, పెట్టిన తీరు వేరు. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

ఐసీయూ వాసు:
మీరు మొదటి నుంచీ ఇది చెప్పలేదు సార్.

నా సంగతి వినండి. రాత్రి 10కి ఒక పేషెంట్‌కి యాంటీబయాటిక్ పెట్టాను. స్కాన్ చేసేలోపు ఎదురు మంచం ఆయన కొలాప్స్ అయ్యాడు. సీపీఆర్, ట్యూబ్, అడ్రినలిన్. అలాంటప్పుడు మేమేం చేస్తామంటే, మైక్రోపోర్ టేపు ముక్క చింపి ప్యాంటు మీద అంటించుకుని దాని మీద టైమ్‌లు రాసుకుంటాం. అన్నీ సర్దుకున్నాక 11:40కి సిస్టమ్‌లో ఎక్కించాను. వారం తిరక్కుండా మెమో. "10 గంటల డోసు 11:40కి ఇచ్చారు, సంజాయిషీ ఇవ్వండి." ఆ ఎదురు మంచం ఆయన బతికి నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. అది ఏ రిపోర్ట్‌లోనూ రాలేదు.

కీబోర్డు కృష్ణ:
బ్రదర్, "ఇచ్చిన సమయం" అని ఒక గడి ఉంటుంది. అందులో 10:00 అని మార్చి, కారణం సెలెక్ట్ చేస్తే సరిపోతుంది. ఇచ్చిన టైమ్, ఎక్కించిన టైమ్ రెండూ లాగ్‌లో ఉంటాయి. చాలామందికి ఆ గడి తెలియదు. ట్రైనింగ్ లోపం.

ఐసీయూ వాసు:
మార్చాను. 10:00 అనే కొట్టాను. మెమోలో వచ్చింది సేవ్ అయిన టైమ్.

కీబోర్డు కృష్ణ:
అలా రావడానికి వీల్లేదు. గడిలో మార్చి ఉంటే రిపోర్ట్ దాన్నే తీసుకోవాలి.

ఐసీయూ వాసు:
మార్చానని చెబుతున్నాను కదా.

కీబోర్డు కృష్ణ:
మార్చాక సేవ్ కొట్టారా? మార్చి, మందు వరస మీద కాకుండా పేజీ మీద సేవ్ కొడితే పాత టైమే ఉండిపోతుంది.

సుగుణ సిస్టర్:
ఆ పిల్లాడు ఒక ప్రాణం నిలబెట్టి మెమో తీసుకున్నానని చెబుతుంటే మీరు సేవ్ బటన్ ఎక్కడుందో అడుగుతున్నారు!

కీబోర్డు కృష్ణ:
సిస్టర్, ఆవేశం ఎందుకు? కంప్యూటర్ దానంతటదే వేసే టైమ్ స్టాంప్ అంటే భయం దేనికో నాకూ తెలుసు. పేపర్ రోజుల్లో ఉదయం 6 గంటల వైటల్స్ 4 గంటలకే రాసేసి కునుకు తీసేవాళ్ళు. వార్డు మొత్తం 120/80, ఊపిరి అందరికీ నిమిషానికి 20. పాత రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేశాను, కళ్ళారా చూశాను. ఇప్పుడు అలా కుదరదు. బాధ అదే.

సుగుణ సిస్టర్:
ఏమన్నారు? నా సర్వీసంతా రాత్రిళ్ళు నడిచి నడిచి కాళ్ళలో నరాలు ఉబ్బిపోయాయి. మేజోళ్ళు వేసుకుని తిరుగుతున్నాను. కునుకు తీసేవాళ్ళమా? ఒక్క రాత్రి నలభై మంచాలకి ఇద్దరం ఉండేచోటికి రండి, 6 గంటలకి నలభై మంది బీపీ ఒకేసారి ఎలా చూస్తారో నేనూ నేర్చుకుంటాను. 4కి మొదలుపెడితేనే 6కి అయ్యేది. చార్ట్‌లో గడి మాత్రం 6 అని ఒక్కటే అచ్చేసి ఉండేది. దొంగలెక్క ఎవరిది?

ఐసీయూ వాసు:
అదీ మాట.

మూడో మంచం:
కానీ సిస్టర్, 120/80 అందరికీ రాసిన వార్డులో మా నాన్నగారూ ఉన్నారు. ఆ రాత్రి పల్స్ 78 అని రాసుంది. చెమటతో వణుకుతున్న మనిషికి 78. ఆ రాత నేను చూశాను.

నిర్వాహకులు:
వ్యక్తిగత విమర్శలు వద్దు. కృష్ణ గారూ, కునుకు మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది.

కీబోర్డు కృష్ణ:
అందరినీ అనలేదు. రికార్డులో చూసింది చెప్పాను.

ఐసీయూ వాసు:
మూడో మంచం అన్నా, మీ కోపం నాకర్థమైంది. మీకు ఆ లాగ్ కావాలి. ఎవరు ఏ నిమిషంలో ఏం చేశారో తెలియాలి. నాకూ కావాలి. కానీ అందులో ఆర్డర్ రాయడానికి డాక్టర్ ఎంతసేపు తీసుకున్నాడు, మందు వార్డుకి ఎప్పుడు వచ్చింది, ఆ రాత్రి నా కింద ఎంతమంది పేషెంట్లు ఉన్నారు, ఇవి కూడా ఒకే కాగితం మీద ఉండాలి. ఇప్పుడు కనిపించేది చివర్లో స్కానర్ పట్టుకున్న చెయ్యి ఒక్కటే.

2017లో నాష్‌విల్‌లో జరిగింది గుర్తుందా? మందుల క్యాబినెట్‌లో రెండక్షరాలు కొట్టి, అడ్డంకిని దాటేసే ఓవర్‌రైడ్ నొక్కి, మత్తు మందు బదులు కండరాలు కదలనివ్వని మందు తీసింది ఒక నర్సు. పేషెంట్ చనిపోయింది. 2022లో ఆ నర్సుని కోర్టు దోషి అంది, జైలు లేకుండా మూడేళ్ళు నిఘాలో ఉండే ప్రొబేషన్ వేసింది. క్యాబినెట్ రికార్డు కోర్టుకెళ్ళింది. మందు ఇచ్చిన స్కానింగ్ విభాగంలో బార్‌కోడ్ స్కానరే లేదు. దానికి శిక్షెవరికి?

మూడో మంచం:
మనిషి చనిపోయింది కదా తమ్ముడూ. సీసా మీద పేరు చదవలేదు కదా.

ఐసీయూ వాసు:
చదవలేదు. తప్పే. నేనడిగింది రెండో తప్పు గురించి.

ఫార్మసీ లత:
వాసు అన్నది నిజమే, నేను లోపల్నుంచి చెబుతున్నాను. ఆర్డర్ పడిన టైమ్, మేము వెరిఫై చేసిన టైమ్, మందు పైకి పంపిన టైమ్ అన్నీ సిస్టమ్‌లో ఉంటాయి. మా ఆలస్యం మీద రిపోర్ట్ తీయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నర్సుల లేట్ డోసు రిపోర్ట్ మాత్రం ప్రతి సోమవారం ప్రింట్ అవుతుంది.

కీబోర్డు కృష్ణ:
అది మా చేతుల్లో లేదు. ఏ రిపోర్ట్ అడిగితే ఆ రిపోర్ట్ ఇస్తాం. వాసు గారి కేసులో బహుశా సేవ్ టైమ్ కాలమ్‌తో రిపోర్ట్ అడిగి ఉంటారు. అలా అడిగితే అలాగే వస్తుంది.

సుగుణ సిస్టర్:
ఇందాక "అలా రావడానికి వీల్లేదు" అన్నారు.

కీబోర్డు కృష్ణ:
డిఫాల్ట్‌గా రాదు అన్నాను.

సుగుణ సిస్టర్:
సరే. అడిగేవాళ్ళలో నర్సు ఉందా? ఎర్ర చుక్క ఏ గడికి పెట్టాలో నిర్ణయించిన గదిలో నర్సు ఉందా? నాకు కంప్యూటర్ మీద కోపం లేదు కృష్ణ గారూ. పేషెంట్ పాత అడ్మిషన్‌లో పెన్సిలిన్ పడలేదని ఒక్క క్లిక్‌తో కనిపించిన రోజు దానికి దండం పెట్టాను. పాత కేస్ షీట్ కోసం రికార్డు రూమ్ తాళం ఎవరి దగ్గరుందో వెతికే బాధ తప్పింది. నా కోపం వేరే.

కీబోర్డు కృష్ణ:
నర్సుల్ని పిలవమనే మేమూ చెబుతాం. పంపరు.

ఐసీయూ వాసు:
వార్డులో ఇద్దరే ఉంటే ఎవర్ని పంపుతారు?

రాత్రిడ్యూటీ:
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. లేట్ డోసు రిపోర్ట్‌లో రెండు టైమ్‌లూ వస్తాయా అని ఇవాళ ట్రైనింగ్‌లో అడిగాను. "మీ మేనేజ్‌మెంట్ ఎలా కావాలంటే అలా" అన్నారు. సిస్టమ్ డౌన్ అయితే ఏ కాగితం మీద రాయాలని అడిగితే "డౌన్ అవ్వదు" అన్నారు. ఎర్ర చుక్కల మీటింగ్‌కి వార్డు నుంచి ఒకరు రావచ్చన్నారు. రేపు 11 గంటలకి. నేను నైట్ దిగేది 8కి.

ఫార్మసీ లత:
డౌన్ అవ్వదా! 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి రోజుల తరబడి చేత్తోనే రాశారు. ఖాళీ డ్రగ్ చార్ట్‌లు ఒక కట్ట ప్రింట్ తీసి మందుల అలమారాలో పెట్టించండి. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

సుగుణ సిస్టర్:
మీటింగ్‌కి వెళ్ళమ్మా. నిద్ర చాలకపోతే పోయింది, తర్వాత పడుకోవచ్చు. పొగ తాగే ప్రశ్నకి ఎర్ర చుక్క తీసేయమను ముందు. "తర్వాత అడుగుతాను" అని ఒక ఆప్షన్ పెట్టమను. ఇస్తామన్న మాట మీటింగ్ మినిట్స్‌లో రాయించు.